ఒంటేలు పుస్తకం

నాను అయిదో తరగతి దాకా సదువుకున్నాను. అయిదు పూర్తిగా కూడా కాదు. పరీచ్చల ముందు మా అమ్మకి జొరమొస్తే, పెసరసేను సూసుకోడానికి మనిషి నేదని నన్ను మానిపించీసినారు. మల్లీ బడికెల్లనేదు. ఇప్పుడు నాకు యాభయ్యికి దగ్గర. ఇన్నేల్లలో నాను పెన్ను పట్టింది సంతకాలకే. అలాంటి మనిషిని ఇప్పుడు పేజీలకి పేజీలు రాస్తన్నాను. తప్పులుంటాయి. సదివినోలు నవ్వుకున్నా పర్నేదు గానీ మజ్జిలో ఆపీకండి.

నా రాత ఎలాగ మొదలైందో ముందే సెప్పీస్తాను. ఒంటేలుతో మొదలైంది. అదే, మీరు మూత్రం అంటారు. ఆ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మాది నరసన్నపేట పక్కన పల్లె. మాకు కాసింత మడుంది, వరి ఏస్తాం. మా మడి పని అయిపోతే నాను ఊర్లో ఉబాల జట్టుతో ఎల్తాను. ఉబాలంటే వరి ఊడుపులు, మీ పక్క నాట్లంటారు గావాల. పదిమంది ఆడోలం వరసలో ఒంగుంటే, కొసన మొదటి మనిషిని నాను. నా సెయ్యి ఎంత బేగి ఆడితే మిగతా సేతులు అంత బేగి ఆడాల. ఆకు కట్టలు, మీరు నారు కట్టలంటారు, మోసీదాన్ని కూడా నానే. ఆకుమడి కాడినుంచి ఊడ్సే మడి దాకా, నీల్లోడుతున్న కట్టలు, నెత్తిమీద.

నాకు ముగ్గురు పిల్లలు. మూడోది పుట్టిన ఇరవయ్యో రోజున మడిలోకి దిగేను. దిగమని నన్నెవరూ తోయనేదు. ఉబాలు అయిపోతన్నాయి, నానే దిగేను. నడుం సుట్టూ తువ్వాలు బిర్రుగా కట్టుకుంటే ఏటీ కాదని మా అత్త సెప్పింది. మా అత్తకి వాలత్త సెప్పింది. మా ఊర్లో ఆడోలందరం అలాగే కట్టుకుంటాం.

అప్పుడే మొదలైంది. తుమ్మితే ఒక సుక్క. బాలింతని కదా, పోద్దిలే అనుకున్నాను. పోనేదు. నలభై దాటేక దగ్గినా కారీది, నవ్వినా కారీది, కట్ట నెత్తికెత్తితే సర్రుమని ఒచ్చీసీది.

మీకో సంగతి సెప్పాల. ఏడాదంతా బయపడీదాన్ని గానీ ఉబాల్లో మాత్రం నాకు బయముండీది కాదు. మోకాటి లోతు నీల్లలో, వానలో, పదిమంది సీరలూ తడిసే ఉంటాయి. ఏ తడి దేందో ఎవరికి తెలుస్తాది? గట్టుమీదకొచ్చి సీర ఆరిపోతే అప్పుడు మొదలయ్యీది బయం.

ఒకపాలి శ్రీరామనవమికి మా వీది ఆడోలం రామతీర్థం ఎల్లేం. తిరిగొచ్చీటప్పుడు బస్సులో ఎవత్తో ఏదో సెప్పింది, అందరం ఇరగబడి నవ్వేం. నాను దిగబోతంటే సీటు తడిసున్నాది. కండక్టరు సూసి, "ఏటమ్మా ఇది, సీటంతా నీల్లు పోసీసినారు?" అని గట్టిగా అరిసేడు. అందరూ నా పక్కకే సూసేరు. నా సేతిలో నీల్ల సీసా ఉన్నాది. "సీసా మూత ఊడిపోయింది బాబూ" అన్నాను.

ఆ రోజునుంచి సీసా నేకుండా నాను ఇల్లు కదల్నేదు. తాగడానికి కాదు. తాగితే ఇంకా ఒస్తాదని నాను నీల్లే మానీసినాను. నెపం ఎయ్యడానికి ఒక సీసా ఉండాల, అంతే. పెల్లికెల్లినా, బ్యాంకుకెల్లినా, సంకలో సీసా. మా వోలు నవ్వీవోరు, "దీనికెంత దాహమో" అని.

ఈ సంగతి నాను ఒక్క మనిషికే సెప్పేను. మా పెద్ద తోటికోడలికి. నాను అప్పా అంటాను ఆవిణ్ణి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఇందో నేదో, "అది సంచి జారిపోడమేనే. తీయించీసుకో. నాను తీయించీసి పదేల్లయింది, రాణీలాగున్నాను" అనీసింది.

మా పక్క అది మామూలే. నడుం నొప్పంటే గర్బసంచి తీయించీ, తెల్ల బట్టంటే తీయించీ. మా వీదిలో నలభై దాటినోల్లలో సంచి ఉన్నోల్లని ఏల్లమీద లెక్కెట్టొచ్చు. ఊర్లో సూదిమందేసీ ఆయన్ని అడిగితే ఆయనా అదే అన్నాడు.

అప్ప ఎల్లి మా ఇంటాయనతో సెప్పీసింది. ఆయన్ని నాను మావా అంటాను. "దీని సంచి పాడైపోయింది, బేగి సూపించు" అంది. సంచి సంగతి సెప్పింది గానీ ఒంటేలు సంగతి సెప్పనేదు. ఆమాత్రం నా మాట నిలబెట్టింది. మావకి ఏటైపోయిందో గానీ ఆ రోజునుంచి ఒకటే తొందర. "ఉబాల ముందే తీయించీద్దాం. ఈ ఏడు నువ్వు మడిలో దిగొద్దు. జట్టులో మొదటి మనిషి ఇంకోలుంటారులే."

ఆ మాట నాకు సురుక్కుమంది. నాకు కోయించుకోవాలని నేదు. కత్తంటే బయం ఒకటి. ఒకపాలి సంచి తీసీసినాక నన్ను కట్ట ఎత్తనివ్వరు, మొదటి తావులో ఇంకొకర్తి నిలబడిపోద్ది, నాను గట్టుమీద కూసోవాల. కానీ వద్దని ఏటని సెప్పను? వద్దంటే కారతాది కదా.

ఎండలు ముదురుతుండగా సీకాకులం ఎల్లేం. అక్కడొక ఆడ డాక్టరమ్మ దగ్గర. మావ బయట బల్లమీద కూసున్నాడు. ఆవిడ పరీచ్చ సేసి సెయ్యి కడుక్కుని, "సంచి కొంచెం కిందకి దిగింది, అంతే. పుండు లేదు, గడ్డ లేదు. దీన్ని తీసెయ్యడానికి అంత తొందరేమిటమ్మా?" అంది.

"కారతాదండీ" అన్నాను, నేలకి సూసి.

"అది సంచి తీసేస్తే ఆగేది కాదు. కింద కండరాలు వదులైపోయాయి. మా దగ్గర ఫిజియోతెరపీ అమ్మాయి ఉంది. మూడు నెలలు ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్యి. అప్పటికీ ఇబ్బందిగానే ఉంటే ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దాం."

బయటకొచ్చి మావకి సెప్తే, "కసరత్తులా? సంచికి కసరత్తులేటే?" అన్నాడు. తర్వాత ఏల్లమీద నెల్లు లెక్కెట్టుకుని, "సర్లే. ఆసాడం దాకా సూద్దాం. తగ్గకపోతే మరి నా మాట ఇనాల" అన్నాడు. ఇంటానన్నాను. నాకు మూడు నెల్లు దొరికేయి.

ఆ పిజియో మేడమ్ ఉండీది మేడమీద సిన్న గదిలో. ఒక మంచం, ఒక పరదా, గోడ మీద ఆడమనిషి లోపలి బొమ్మ. ఆ బొమ్మకేసి సూడ్డానికే నాకు సిగ్గేసింది. మేడమ్ సిన్న పిల్లే, మా రెండోదాని ఈడు. వాల్లది ఇజీనారం, నాన్నకి కిరాణా కొట్టుందట. వాల కొట్లో గోనిలు ఎత్తీ ఆడోలని సూసే ఈ సదువు సదివేనని తర్వాత సెప్పింది.

"అమ్మా, దగ్గితే కారుతుందా?"

"నేదు."

"నవ్వితే?"

"నేదు."

"బరువెత్తితే?"

"నేదు మేడమ్."

ఆ పిల్ల పెన్ను కింద ఎట్టీసింది. నా సంకలో సీసాకేసి సూసింది. "ఆ సీసా నిండా నీళ్ళున్నాయి. నీ పెదాలేమో ఎండిపోయున్నాయి. తాగవేం?" అని అడిగింది.

ఇన్నేల్లలో ఆ సీసా సంగతి ఎవరూ పట్టుకోనేదు. నాను ఏడిసీసినాను. బస్సు కాడినుంచి మొదలెట్టి అంతా కక్కీసినాను. ఆ పిల్ల అయ్యో అన్నేదు, పాపం అన్నేదు. "నేనీ మాట రోజూ వింటానమ్మా. టీచర్లు చెప్తారు, పోలీసావిడ చెప్పింది, మొన్న ఒక పెళ్ళికూతురు చెప్పింది" అంది. పోలీసామెకి కూడానా అని నా ఏడుపు ఆగిపోయింది.

తర్వాత పరదా ఏసింది. తొడుగు ఏసుకుని లోపల ఏలితో సూడాలని, వద్దంటే వద్దని, మజ్జిలో ఆపమన్నా ఆపీస్తానని సెప్పింది. ముగ్గుర్ని కన్నాను, ఏ పురిటికాడా నన్నెవరూ అలాగ అడగనేదు. సరే అన్నాను.

"ఇప్పుడు బిగించమ్మా. నలుగుర్లో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా ఆపుకుంటావు? అలాగ."

నాకు నవ్వొచ్చీసింది. నవ్వితే ఏటౌతాదో తెలుసు కదా. అదే అయింది. ఆ పిల్ల సెయ్యి తడిసింది. నాను సచ్చిపోయేననుకున్నాను. ఆ పిల్ల బట్ట తీసి తుడిసీసి, "సరే, మళ్ళీ" అంది, అంతే.

ఎముకల బొమ్మొకటి తెచ్చి సూపించింది. తుంటి ఎముకల మజ్జిలో అడుగున ఎర్రటి బట్టలాంటిది కట్టున్నాది. ఒంటేలు తిత్తి, సంచి, అన్నీ దాని మీదే కూసుంటాయట. కాన్పులకీ బరువులకీ అది సాగిపోద్దట.

"నులక మంచం దిగిపోయినట్టా?" అన్నాను.

"అంటే?"

"మజ్జిలో మనిషి కూసుంటే నేలకానీసినట్టు."

"అబ్బ! అంతే! నేనిక అందరికీ అదే చెప్తాను" అని సంబరపడిపోయింది.

మరి నులక దిగితే మంచం పారీయం కదా. కాల్ల కాడినుంచి ఒక్కో వరసా లాక్కుంటూ బిగిస్తాం. ఒక్క లాగుతో బిగిసీది కాదు అది. నాకు ఆ మంచం తలుసుకుంటే దైర్నమొచ్చింది.

అయిదు లెక్కెట్టీదాకా బిగించి, పూర్తిగా ఒదిలీమంది. అలాగ పది మాట్లు, రోజుకి మూడుపాల్లు. ఒంటేలుకి కూసున్నప్పుడు మాత్రం సెయ్యొద్దంది. సివర్న ఒక పుస్తకం ఇచ్చింది, సిన్న పిల్లలు రాసుకునే రూల్ల పుస్తకం. ఎన్ని గలాసుల నీల్లు తాగేవో, ఎన్నిమాట్లు ఎల్లేవో, ఎన్నిమాట్లు కారిందో రాయమంది.

"నాకు రాయడం సరిగ్గా రాదు మేడమ్."

"నీకు తెలిసినట్టు పెట్టుకో. బొమ్మలేసుకున్నా సరే."

అదే నా ఒంటేలు పుస్తకం. నీల్లు తాగితే గలాసు బొమ్మ. ఎల్లొస్తే గీత. కారితే సుక్క. వారాల పేర్లు మాత్రం అచ్చరాలతో రాసీదాన్ని. మంగళారం రాయడానికి ముందు కష్టమయ్యీది, తర్వాత సెయ్యి దానంతటది ఎల్లిపోయీది. పుస్తకం బియ్యం డబ్బా ఎనకాల దాసీదాన్ని.

పదిరోజులయ్యేక, మద్దినేల మావ బియ్యం డబ్బా జరిపేడు, ఎలకని తోలడానికి. పుస్తకం దొరికింది. నాను గిన్నెలు తోమి లోపలికొచ్చీసరికి గుమ్మంలో కూసుని తిరగేస్తన్నాడు.

"ఏటే ఇది, వాన లెక్క రాస్తన్నావా?"

ఇంకో పేజీ తిప్పి ఏలెట్టేడు.

"మంగళారం ఏడు సుక్కలెట్టేవు. మంగళారం వానెక్కడే? నా మడి బీటలిచ్చీసున్నాది. ఏ ఊర్లో పడ్డాదే?"

నరసన్నపేటలో పడ్డాదని సెప్పీడానికి నాలిక సిద్దంగానే ఉన్నాది. సీసాతో అబద్దాలాడి ఆడి అలవాటైపోయింది కదా. కానీ ఆయన ఏలు ఆ ఏడు సుక్కల మీద ఉన్నాది. ఎండల్లో మనిషి వానకోసం అంత ఆశగా సూస్తంటే అబద్దం రానేదు.

"మావా, అది వాన కాదు. నాను."

"నువ్వేటి?"

"నాకు ఒంటేలు కారతాది. దగ్గితే, ఎత్తితే. ఎన్నిమాట్లు కారిందో మేడమ్ రాయమంది."

పుస్తకం మీంచి ఏలు తీసీసినాడు. "ఎప్పుట్నించే?"

"మూడోది పుట్టినకాడ్నించి."

మూడోదానికి ఇరవై నాలుగు నిండేయి. ఆయన లెక్కేసుకుంటన్నాడని మొకం సూస్తే తెలిసింది. "మరి సంచి పాడైపోయిందన్నారు?"

"దీన్నే అప్ప అలాగ సెప్పింది."

మావ పుస్తకం మూసీసినాడు. "నాను కాన్సరేమో అనుకున్నానే. అందుకే బేగి తీయించీద్దామన్నాను. పేనం దక్కుతాదని."

"కాన్సరని నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు ఇది నాకెందుకు సెప్పనేదు?"

మావ లేసి పుస్తకం ఎక్కడ తీసేడో అక్కడే ఎట్టీసి, "ఎలక బియ్యం కాడికొస్తే పుస్తకం కొరికీస్తాది, పైన ఎట్టుకో" అని ఎల్లిపోయేడు.

రెండోపాలి మేడమ్ దగ్గరికెల్లీసరికి నా సుక్కలు తగ్గనేదు, పెరిగేయి. రోజూ సేస్తన్నానని ఒట్టేసి సెప్పేను. మేడమ్ పుస్తకం తిరగేసి, "రోజుకి రెండు గ్లాసులేనా? మంట పుట్టదూ?" అంది. పుడతాది అన్నాను. ఒంటేలు సిక్కబడితే తిత్తి ఇంకా ఎగిరిపడుద్దట. ఎక్కువ తాగితే ఎక్కువ కారుద్దని నానూ, మా వీదంతా అనుకుంటన్నాం. అదొక తప్పు.

రెండో తప్పు ఎలాగ దొరికిందంటే, మేడమ్ బాత్రూంలోంచి నీల్ల బకీటు తెచ్చి నా ముందెట్టింది. "మడి దగ్గర కట్ట ఎలా ఎత్తుతావో అలా ఎత్తమ్మా" అంది.

నాను సేతిసంచిలోంచి తువ్వాలు తీసేను. నడుం సుట్టూ రెండు సుట్లు తిప్పి, కడుపు లోపలికి లాగి, బిర్రుగా ముడేసేను. దమ్ము బిగబట్టి ఎత్తేను. సర్రుమన్నాది. బకీటు ఒలికిందేమో అనుకున్నాను గానీ బకీటు కాదు.

మేడమ్ సప్పట్లు కొట్టింది. "దొరికింది!"

"ఏటి దొరికింది, నా మానం పోయింది" అన్నాను.

"కాదమ్మా, చూడు. పైన తువ్వాలు కట్టేశావు. ఊపిరి పట్టేశావు. లోపలున్న గాలి, బరువు, ఎటు పోవాలి? ఉన్న దారి కిందకొక్కటే. రోజూ ముప్పై మాట్లు నులక బిగిస్తున్నావు, నలభై మాట్లు దాని మీద గెంతుతున్నావు."

తువ్వాలు ఇప్పీమంది. ముందు కింద బిగించి, నోటితో ఊపిరి ఒదుల్తూ ఎత్తమంది. నాకు రానేదు. ఊపిరొదిల్తే బలం పోయినట్టుంటాది. పుట్టి బుద్దెరిగినకాడ్నించి దమ్ముపట్టే ఎత్తేను. "నోటితో చప్పుడు చెయ్యి, అప్పుడు ఊపిరి దానంతటదే వస్తుంది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, మా నాయనమ్మ. కట్ట ఎత్తినప్పుడల్లా "ఉస్‌స్‌... లే" అనీది. ఒంగున్నప్పుడు సన్నంగా, లేసీటప్పుడు పెద్దగా. మేం గుంటలం ఎనకాల నిలబడి ఎక్కిరించీవోల్లం, పాము బుస కొడతన్నాదని. పెద్దయ్యేక మాలో ఎవరూ అలాగ అన్నేదు, ముసిలోల్లలాగ ఉంటాదని సిగ్గు.

మేడమ్ గదిలో నాను "ఉస్‌స్‌... లే" అని బకీటు ఎత్తేను. కాసింతే కారింది. మల్లీ ఎత్తేను. మల్లీ. పక్కగదిలోంచి ఎవరో తలుపు తీసి సూసేరు, పామొచ్చిందేమోనని కాబోలు.

ఇంకన రోజూ అదే పని. పొయ్యి కాడ కూసుని అయిదు లెక్కెట్టీదాన్ని. బిందె ఎత్తితే ఉస్సు, గడ్డిమోపు ఎత్తితే ఉస్సు. అప్ప సూసి ఊరుకుంటాదా?

"ఏటే, పొద్దున్నించీ బుస కొడతన్నావు, పగ పట్టేవా ఎవరిమీదైనా?"

"కసరత్తు అప్పా."

"కసరత్తులు సేసి సినిమాలో సేరతావేటి! నా మాటిని తీయించీ. నన్ను సూడు, పదేల్లయింది, రాణీలాగున్నాను."

ఊరుకున్నాను. పెద్ద మనిషి. కానీ ఆ మాట మనసులో ముల్లులాగ ఉండిపోయింది. ఒకేల అప్పదే నిజమైతే? పుస్తకంలో సుక్కలు ఒకవారం తగ్గీవి, ఒకవారం మల్లీ పెరిగీవి. ఒకరోజు తొమ్మిది సుక్కలు సూసి పుస్తకం పొయ్యిలో ఎట్టీద్దామనుకున్నాను. ఆసాడం దగ్గరకొచ్చీస్తన్నాది.

తొలకరి పడ్డాది. మావ ఆకుమడి దున్నడానికెల్లి, ఆ పక్కనే గట్టు మూల నాలుగు కర్రలు పాతి, తాటాకు తడికలు కట్టేడు సుట్టూ. లోపల రెండు రాల్లు, ఒక నీల్ల కుండ. ఏటి మావా ఇది అంటే, "ఆడోలు పొద్దుగూకీదాకా ఆపుకుంటారు కదా మడికాడ" అన్నాడు నాకేసి సూడకుండా. అంతకుముందు ఏనాడూ ఏ మగోడికీ ఆ ఆలోసన రానేదు మా పొలాల్లో. మేమూ అడగనేదు. పొద్దున్న ఇంటికాడ ఎల్లొస్తే మల్లీ సీకటి పడ్డాకే.

ఊరంతా నవ్వేరు. "బావకి గుడి కట్టడం రానేదు గానీ ఇది కట్టేడు" అని జట్టులో సిన్నదొకర్తి అంది. నవ్వినోలే ముందు దూరేరు అందులో.

ఆ తడిక కాడే అప్ప నన్ను పట్టుకుంది. ఆకుమడిలో ఇత్తనాలు జల్లినరోజు. లోపలికెల్లొచ్చి, సీర సరుసుకుంటా, అటూఇటూ సూసింది.

"ఒలే, ఆ బిగించడం ఏటో నాకూ సెప్పు."

"నీకెందుకప్పా? నీకు తీసీసినారు కదా."

అప్ప కాలితో మట్టి గెలికింది. అంత నోరున్న మనిషి గొంతు ఇంతైపోయింది.

"తీసీసినా కారతాది."

"ఎప్పుట్నించి?"

"ముందూ కారీది, తీసీసినాకా కారతాది. అంత కోయించుకున్నాక తగ్గనేదంటే నవ్వరా? అందుకే బాగున్నాదని సెప్పీదాన్ని. సెప్పగా సెప్పగా..." అని ఆగిపోయింది. "నీకు కూడా సెప్పేను. నిన్ను కూడా కోయించీద్దును."

నాకు కోపం రావాల. రానేదు. సీసా మోసిన మనిషిని నాను, నాకేటి కోపం. ఆవిడ సెయ్యి పట్టుకుని తడిక ఎనకాలే నిలబెట్టి, "గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించప్పా" అన్నాను. అప్ప కల్లు పెద్దవి సేసి, "అది నాకెప్పుడూ ఆగదే" అంది. ఇద్దరం నవ్వి నవ్వి తడిక పట్టుకున్నాం. ఇద్దరికీ కారింది.

ఆసాడం మజ్జిలో సీకాకులం ఎల్లేం. మావా, నానూ, అప్పా. డాక్టరమ్మ మల్లీ పరీచ్చ సేసింది. మేడమ్ నా పుస్తకం ఆవిడకి సూపించింది. మొదటివారం పేజీ, సివరివారం పేజీ పక్కపక్కనెట్టి. మొదటి పేజీ నిండా సుక్కలు, గలాసులు రెండే. సివరి పేజీలో గలాసులు ఏడు ఎనిమిది, సుక్కలు వారం మొత్తానికి మూడో నాలుగో.

"ఏమంటావమ్మా, ఆపరేషన్ కావాలా?"

"వద్దండి."

"సరే, వద్దు. కానీ ఇది మానకూడదు, జీవితాంతం చెయ్యాలి. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకో." అని కాయితం మీద ఏదో కొట్టీసింది.

బయటకొచ్చి మావకి సెప్పేను. ఆయన సంతోషపడ్డాడో నేదో తెల్దు, "మరి ఆకు కట్టలు ఎవలు మోస్తారు ఈ ఏడు?" అన్నాడు. నాను మోస్తాను అన్నాను. "ఒక్కపాలికి ఒక్క కట్టే. రెండేసి మోస్తే ఊరుకోను" అన్నాడు. అప్ప మేడమ్ గదిలోనే ఉండిపోయింది. బయటకొచ్చీసరికి ఆవిడ సేతిలో కూడా రూల్ల పుస్తకం. ఆవిడకి సంతకం కూడా రాదు. సుక్కలెట్టడం నాను నేర్పుతానన్నాను.

నాలుగు రోజులకి ఉబాల్లో దిగేం. నడుంకి తువ్వాలు కట్టుకోనేదు. కట్టుకోనేదని జట్టులో అందరూ సూసేరు. మొదటి కట్ట ఎత్తేటప్పుడు "ఉస్‌స్‌... లే" అన్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని ఆగేను. వరసలో అప్ప కూడా తన కట్టకి "ఉస్‌స్‌... లే" అంది, నాకన్నా గట్టిగా. కొంగలు లేసిపోయేయి. అందరూ ఇరగబడి నవ్వేరు, నానూ నవ్వేను. బిగించడం గుర్తొచ్చి బిగించేను, కాసింత ఆలస్యమైంది.

సీరెలాగా తడిసే ఉన్నాది, సెప్పకపోతే ఎవరికీ తెల్దు. అయినా ఇంటికొచ్చి కాల్లు కడుక్కుని, పుస్తకం తీసి, శనారం అని రాసి, ఎనిమిది గలాసులేసి, కింద ఒక సుక్క ఎట్టేను. సుక్క పక్కన ఇంకా సోటుంది. ఎందుకో అచ్చరాలతో రాయాలనిపించింది. నెమ్మదిగా, కూడబలుక్కుని, "అప్పతో నవ్వేను" అని రాసేను. వారాల పేర్లు కాకుండా పుస్తకంలో నాను రాసిన మొదటి మాట అదే.